కొత్త కారు మొరాయిస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

దసరా ముందు రోజు సాయంత్రం గుంటూరులో ఒక షోరూం ముందు మా బావ కొత్త కారు తాళాలు అందుకున్నాడు. ముహూర్తం దాటిపోతోందని అక్క తొందరపెడుతోంది. పంతులుగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టారు. అందరం వరసగా నిలబడి ఫొటో దిగాం. ఆ హడావుడిలోనే సేల్స్ కుర్రాడు కాగితాల కట్ట తెచ్చి, వేలు పెట్టి చూపించిన చోటల్లా బావ చేత సంతకాలు పెట్టించుకున్నాడు. అందులో ఒకటి డెలివరీ నోట్. 'వాహనాన్ని పూర్తిగా పరిశీలించుకుని, మంచి స్థితిలో ఉన్నట్టు నిర్ధారించుకుని తీసుకున్నాను' అని దాని సారాంశం. బావ అప్పటికి బానెట్ ఎత్తి కూడా చూడలేదు.

తొమ్మిదో రోజు ఒంగోలు వెళ్తుంటే యడ్లపాడు దగ్గర హైవే మీద బండికి ఉన్నట్టుండి పికప్ పోయింది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా వేగం 40 దాటలేదు. వెనక లారీ హారన్ మోత. వెనక సీట్లో పిల్లలు. పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడిచింది. మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, లైటు ఆర్పేసి, "పెట్రోల్ బాగోలేదేమో సార్, బంకు మార్చండి" అన్నారు. ఆ తర్వాత మూడు నెలల్లో ఇంకో నాలుగుసార్లు అదే తంతు. మొత్తం ఐదుసార్లు వెళ్తే, చేతికి జాబ్ కార్డు, అంటే సమస్య ఏమిటో, ఏం చేశారో రాసిచ్చే కాగితం, వచ్చింది రెండుసార్లే.

ఆ ఫైలు సర్దే పని నా మీద పడింది. నేను లాయర్ని కాదు. కానీ కొన్ని నెలలు ఆ కాగితాలూ చట్టమూ తీర్పులూ ముందేసుకుని కూర్చున్నాక ఒకటి బాగా అర్థమైంది. మన దేశంలో కొత్త కారుకి రీఫండ్ వచ్చేదీ రానిదీ తేల్చేది కారు ఎంత సతాయించిందన్నది కాదు. ఆ సతాయింపుని ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎవరి సంతకంతో రాయించుకున్నామన్నది.

కాలిఫోర్నియాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఈ సంగతి చెబితే, "ఇక్కడైతే ఈపాటికి కంపెనీ వెనక్కి తీసుకునేది అన్నయ్యా" అన్నాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇదే అంటుంటారు, నిజమే కూడా. పదే పదే చెడిపోయే కొత్త కారుని అక్కడ లెమన్ అంటారు. కాలిఫోర్నియా చట్టంలో దానికి కచ్చితమైన అంకెలున్నాయి. కొన్నాక 18 నెలలు, 18,000 మైళ్లు, వీటిలో ఏది ముందైతే ఆలోపు, ప్రాణాలకి ముప్పు తెచ్చే లోపాన్ని రెండుసార్లు బాగుచేయడానికి ప్రయత్నించి విఫలమైనా, మామూలు లోపమైతే నాలుగుసార్లు విఫలమైనా, బండి మొత్తం 30 రోజులకు మించి వర్క్‌షాపులోనే పడి ఉన్నా, కంపెనీకి ఇచ్చిన అవకాశాలు చాలని చట్టమే అనుకుంటుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగొచ్చు.

మన దగ్గర కార్లకంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఎన్నిసార్లు చెడిపోతే 'ఇక చాలు' అనాలో మన చట్టంలో ఎక్కడా రాయలేదు. అక్కడ చట్టం లెక్కపెట్టి పెడుతుంది. ఇక్కడ ఆ లెక్క మనమే పెట్టుకుని, మనమే రుజువు చేయాలి.

మనకున్న ఆయుధం వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. వస్తువులో లోపం రుజువైతే వినియోగదారుల కమిషన్, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు విని తేల్చే కోర్టు లాంటిది, ఏమేం ఆదేశించవచ్చో 39వ సెక్షన్ చెబుతుంది. లోపాన్ని సరిచేయమనొచ్చు, అదే రకం కొత్త వస్తువు ఇమ్మనొచ్చు, కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇమ్మనొచ్చు, పైన నష్టపరిహారమూ ఇమ్మనొచ్చు. అంటే రీఫండ్ అన్న మాట చట్టంలో ఉంది. కానీ ఉన్న దారుల్లో అదొకటి మాత్రమే. ఏ దారి అన్నది కమిషన్ ఇష్టం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కింద ఒక వాక్యం ఉంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది తప్పు అని. దాన్ని పట్టుకుని 'కారు నచ్చకపోతే నెల రోజుల్లో ఇచ్చేయొచ్చు' అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అలా కాదు. రంగు నచ్చలేదనో, మైలేజీ అనుకున్నంత రాలేదనో ఇచ్చేయడానికి లేదు. లోపం ఉండాలి, ఉందని తేలాలి. షోరూం వాళ్లు ఆగేది సరిగ్గా ఆ మాట దగ్గరే. "లోపం లేదు సార్, మేం చెక్ చేశాం" అంటారు.

కాబట్టి ముందు మన గొడవ ఏ రకమో తేల్చుకోవాలి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల మూడు వేరువేరు కేసులు. కారు ఫ్యాక్టరీ నుంచే లోపంతో వచ్చిందా? కారు మంచిదే కానీ సర్వీస్ సెంటర్ సరిగ్గా బాగుచేయలేదా? పాత స్టాకునో, డెమో బండినో, దెబ్బ తగిలి రంగేసిన బండినో కొత్తదని అంటగట్టారా?

మూడోదే రుజువు చేయడానికి తేలిక, ఎందుకంటే అక్కడ ఇంజనీరు అవసరం పెద్దగా ఉండదు. వస్తువే చెబుతుంది. ఫారం 21 అనే సేల్ సర్టిఫికెట్ మీద బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారైన టైరు. బండి 2024 జూన్‌లో తయారైందని కాగితం చెబుతూ, ఒక టైరు మాత్రం ఆగస్టు చివర్లో పుట్టిందంటే ఆ టైరు మార్చారన్నమాట. ఎందుకు మార్చారో అడగాలి. కారు నంబరు పడక ముందే అదే కంపెనీకి చెందిన వేరే సర్వీస్ సెంటర్‌కి 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇచ్చి, దాని మీద ఇప్పటికే ఏమైనా జాబ్ కార్డు తెరిచారా అని అడిగితే కొన్నిసార్లు గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

ఇలాంటి మోసంలో ఎవరి మీద కేసు వేయాలన్నది కూడా ముఖ్యమే. గోవాలో ఒక కొనుగోలుదారుకి 2011 మోడల్ అని చెప్పి, అప్పటికే తిరిగిన 2009 నాటి కారు అంటగట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఏమందంటే, డీలర్ చేసిన ఆ పనిలో కంపెనీ పాత్ర ఉందని రుజువు లేనప్పుడు కంపెనీని బాధ్యుణ్ణి చేయలేం అని. కంపెనీకీ డీలర్‌కీ మధ్య ఉన్నది అమ్మకందారు, కొనుగోలుదారు సంబంధమే అని. అంతమాత్రాన కంపెనీని వదిలేయమని కాదు. ఇద్దర్నీ పార్టీలుగా చేర్చి, ఎవరు ఏ తప్పు చేశారో విడివిడిగా రాయాలి. 'డీలరూ కంపెనీ కలిసి మోసం చేశారు' అని ఒక్క గాటన కట్టేస్తే కంపెనీ సులువుగా జారిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైనది మొదటి రకం, తయారీ లోపం. బావది ఇదే. ఇక్కడ సర్వీస్ సెంటర్ వాళ్లు తరచూ చెప్పే మాట 'వారంటీలో రిపేరు చేసిపెడతాం, అంతవరకే మా బాధ్యత' అని. బాధగా ఉన్నా, దీని వెనక గట్టి తీర్పే ఉంది. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ షరతులు చెడిపోయిన భాగాన్ని బాగుచేయడం, మార్చడం వరకే ఉన్నప్పుడు మొత్తం కారే మార్చి ఇమ్మనడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పార్టు మారిస్తే పోయే జబ్బుకి కారంతా వెనక్కి అడిగితే కంపెనీ లాయరు మొదట చూపించేది ఈ తీర్పే.

దీన్ని దాటాలంటే, ఇది ఒక పార్టుతో పోయే జబ్బు కాదనీ, ఎన్నిసార్లు బాగుచేసినా తిరగబెడుతోందనీ, లేదా ప్రాణాల మీదికి తెచ్చేదనీ చూపించాలి. 2015లో కొన్న ఒక హ్యుందాయ్ క్రెటా 2017 నవంబర్‌లో ప్రమాదానికి గురైనప్పుడు ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తెరుచుకునేంత బలంగా గుద్దుకోలేదని కంపెనీ వాదన. కారు కొనే మామూలు మనిషి వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడై ఉండాలని ఆశించలేమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. వాహనం మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ, పరిహారాన్నీ నిలబెట్టింది. ఆ తీర్పులో మరో మేలు జరిగింది. ఫిర్యాదుకి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. కొన్నది 2015లో అయినా, ఎయిర్‌బ్యాగు లోపం ప్రమాదం జరిగితే తప్ప తెలియదు కాబట్టి గడువుని ప్రమాదం రోజు నుంచి లెక్కపెట్టాలంది.

కానీ పికప్ పోవడం, గేరు పట్టేయడం, స్టీరింగ్ లాగడం లాంటివి మొదట్లోనే తెలుస్తాయి. అప్పటి నుంచే రెండేళ్లు నడవడం మొదలైనట్టు అనుకోవడం మంచిది. రిపేర్లకని తిప్పుతున్నన్నాళ్లూ గడువు ఆగి ఉంటుందన్న భరోసా పెట్టుకోవద్దు. బావ ఫైలు అట్ట మీద ఆ చివరి తేదీని ఎర్ర ఇంకుతో రాసిపెట్టాను.

ఇప్పుడు జాబ్ కార్డు సంగతి. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బావ దగ్గరున్న రెండు జాబ్ కార్డుల్లో ఒకదాని మీద సమస్య అన్న చోట 'పికప్ తక్కువ' అనీ, చేసిన పని అన్న చోట 'చెక్ చేశాం, ఓకే' అనీ ఉంది. అంతే. నడిరోడ్డు మీద పిల్లలతో కూర్చున్న ఆ భయమంతా రెండు ముక్కల్లో మాయమైపోయింది. రేపు ఈ కాగితాన్ని కమిషన్ ముందు పెడితే, ఎవరో డ్రైవింగ్ సరిగ్గా రానివాళ్లు వచ్చి పికప్ లేదన్నారు, చూశాం, బాగానే ఉంది అన్నట్టు ఉంటుంది. మనమే కంపెనీకి సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

మూడోసారి వెళ్లినప్పుడు నేను కూడా వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ టైపు చేస్తుంటే పక్కన కూర్చుని ఇలా రాయించాను: 'హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఇంజిన్ లైట్ వెలిగి వేగం 40కి పడిపోయింది. ఆపి 5 నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే సర్దుకుంది. ఇలా జరగడం మూడోసారి. ఓడోమీటర్ 2,316.' ఆ కుర్రాడు "ఇంత పెద్దది సిస్టం తీసుకోదు సార్" అన్నాడు. తీసుకోకపోతే ప్రింటు కింద చేత్తో రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు, పాపం అతని తప్పేం లేదు. కానీ తర్వాతి రెండుసార్లు "చిన్న చెకింగే సార్, జాబ్ కార్డు ఎందుకు" అని తెరవకుండానే బండి చూసి పంపేశారు. ఆ రెండుసార్లూ ఇంటికి రాగానే సర్వీస్ సెంటర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ తేదీ, సమయం, కిలోమీటర్లు, మాట్లాడిన మనిషి హోదా రాసి మెయిల్ పెట్టాం. జాబ్ కార్డు ఇవ్వలేదని కూడా రాశాం. ఫోన్‌లో ఎంత అరిచినా గాలిలో కలిసిపోతుంది. మెయిల్ నిలబడుతుంది. లైటు వెలిగినప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాళ్లు తీసిన 20 సెకన్ల వీడియో కూడా నిలబడుతుంది.

సాక్ష్యం ఎందుకింత అవసరమంటే, తయారీ లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదుదారుడిదే. మామూలుగా చూస్తే తెలియని లోపమైతే కమిషన్ ఆ వస్తువుని తగిన ల్యాబ్‌కి పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించవచ్చు, ఆ ఫీజు ముందుగా మనమే కట్టాలి. ఈ నిపుణుడి నివేదిక లేక ఓడిపోయిన కేసులు చాలా ఉన్నాయి. విసిగిపోయి బయట మెకానిక్ దగ్గర బండి విప్పించినవాళ్ల పరిస్థితి మరీ ఇబ్బంది. వారంటీ పోయిందంటారు, లోపం బయటివాడు చేసిందే అంటారు. ఎంత కోపం వచ్చినా బండిని బయట విప్పించకూడదు.

రిజిస్ట్రేషన్ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. కారు మన పేరు మీద రిజిస్టర్ కాక ముందు మన మాటకి ఉన్న బలం వేరు. లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు పడి, బ్యాంకు పేరు ఆర్సీలో ఎక్కాక, డీలర్ వెనక్కి తీసుకున్నా దాన్ని సెకండ్ హ్యాండ్ బండిగానే అమ్ముకోవాలి. అందుకే అక్కడి నుంచి వాళ్లు బిగుసుకుపోతారు. పూర్తి డబ్బు కట్టక ముందే, వీలైతే స్టాక్ యార్డులోనే పగటి వెలుతురులో ఛాసిస్ నంబరు, రంగు, టైర్లు, కిలోమీటర్లు చూసుకుని, ఆ నంబరు కారే బిల్లులో ఉందో లేదో చూసుకోవాలి. ముహూర్తం కావాలంటే పూజ ఆ రోజే చేసుకోవచ్చు, పరిశీలన మాత్రం రెండు రోజుల ముందే అయిపోవాలి. బావ విషయంలో మేం చేయలేకపోయిన పని ఇదే.

లోను ఉంటే ఇంకో మాట. కారు బాగోలేదని ఈఎంఐ ఆపేయడం పెద్ద పొరపాటు. బ్యాంకుతో మన ఒప్పందం వేరు, కారుతో గొడవ వేరు. సిబిల్ స్కోరు పడిపోతే దాన్ని ఏ కమిషనూ బాగుచేయదు. కట్టిన వడ్డీ, ఇన్సూరెన్సు, లైఫ్ ట్యాక్స్, క్యాబులకైన ఖర్చు రసీదులతో సహా నష్టపరిహారంలో అడగాలి.

కేసు వేయడం మాత్రం జనం భయపడేంత కష్టం కాదు. ముందు 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేస్తే కొన్నిసార్లు కంపెనీ పైస్థాయి వాళ్లు కదులుతారు. కదలకపోతే లీగల్ నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్. కట్టిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. కారు హైదరాబాద్‌లో కొన్నా, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. బిల్లు మీద ఏ ఊరి కోర్టు పేరు రాసి ఉన్నా అది ఈ హక్కుని తీసేయలేదు. ఫీజు, ధర 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. కమిషన్ పంపిన నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. అది దాటితే కమిషన్ కూడా పొడిగించలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఏదైనా వ్యాపార సంస్థ తన పేరు మీద కొన్న కారైనా, డైరెక్టర్ల సొంత వాడకానికైతే, వ్యాపారానికి కొన్నదన్న కారణంతో కేసు కొట్టేయరని 2024 జూలైలో మరో తీర్పు వచ్చింది.

ఫిర్యాదులో 'రీఫండ్ కావాలి' అని ఒక్కటే అడగకూడదు. డబ్బు వాపసు, అది కాకపోతే కొత్త కారు, అదీ కాకపోతే లోపం పూర్తిగా పోయేలా బాగుచేసి వారంటీ పొడిగింపు, వీటన్నిటితో పాటు పరిహారం అని మెట్లు మెట్లుగా అడగాలి. పెద్ద మెట్టు ఎక్కలేకపోయినా కింద మెట్టు దక్కుతుంది.

కాలం గురించి దాచకుండా చెప్పాలి. పరీక్ష అవసరం లేకపోతే మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. జరిగేది వేరు. కోర్టుల్లో ఎంత కాలం పట్టొచ్చో చెప్పే కేసు ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వెళ్లింది. ఒక వ్యాపార సంస్థ 2009 సెప్టెంబర్ 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడింది. వాళ్లు వినియోగదారుల కమిషన్‌కి కాక, చీటింగ్ కింద క్రిమినల్ ఫిర్యాదుకి వెళ్లారు. 2012 మార్చిలో హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టేస్తూనే, కొత్త కారు ఇమ్మని బీఎండబ్ల్యూ కంపెనీని ఆదేశించింది. పాత కారు అప్పగిస్తే కొత్తది ఇస్తామని కంపెనీ ఉత్తరాలు కూడా రాసింది. కొన్నవాళ్లు ఒప్పుకోలేదు, వడ్డీతో డబ్బే కావాలన్నారు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇచ్చి ముగించమంది. పదిహేనేళ్లు. 2012లో తీసుకుని ఉంటే బాగుండేదా అన్నది నేను చెప్పలేను, కానీ మారుస్తామని రాతపూర్వకంగా చేతికొచ్చినప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి ఆలోచించుకోవాల్సిందే.

గెలిచాక కూడా కంపెనీ అప్పీలుకి వెళ్లొచ్చు. అయితే జిల్లా కమిషన్ చెల్లించమన్న మొత్తంలో సగం కట్టాకే ఆ అప్పీలు తీసుకుంటారు. ఆదేశాన్ని లెక్కచేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మనొక్కరిదే కాక ఒక మోడల్ మొత్తానికీ అదే జబ్బు ఉంటే దారి వేరు. మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ కింద ప్రభుత్వమే రీకాల్‌కి, అంటే అమ్మిన బండ్లని వెనక్కి పిలిపించమని, ఆదేశించగలదు. అప్పుడు కంపెనీ బండి పూర్తి ఖరీదు ఇవ్వాలి, లేదా మార్చాలి, లేదా బాగుచేయాలి. అందుకే అదే మోడల్ వాడేవాళ్లని వెతికి మాట్లాడటం ఉపయోగం. బావ కారు మోడల్‌కి అలాంటివాళ్లు మాకు ఇద్దరు దొరికారు, ఒకరు నెల్లూరులో, ఒకరు ఖమ్మంలో.

మేం పంపిన లీగల్ నోటీసులో ఐదు తేదీలు, ఐదు ఓడోమీటర్ అంకెలు, మూడు వీడియోలు ఉన్నాయి. పన్నెండో రోజు కంపెనీ నుంచి ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్‌తో వచ్చి, మధ్యాహ్నం ఎండలో బావ పక్కన కూర్చుని చిలకలూరిపేట దాకా రెండుసార్లు తిరిగాడు. రెండోసారి యడ్లపాడు దాటగానే లైటు వెలిగింది. ఫ్యూయల్ పంపుకి వెళ్లే వైరింగ్‌లో ఒక కనెక్టర్ వేడికి వదులవుతోందని తేల్చాడు. పంపు, వైరింగ్ రెండూ మార్చారు. క్యాబ్ ఖర్చులు ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. రీఫండ్ రాలేదు.

సెటిల్‌మెంట్ కాగితంలో 'ఇకపై ఈ వాహనం గురించి ఎలాంటి క్లెయిమూ చేయను' అన్న వాక్యం ఉంది. ఈసారి బావ తొందరపడలేదు. ఆ వాక్యం కొట్టేసి, 'ఇదే లోపం మళ్లీ వస్తే నా హక్కులన్నీ నాకు ఉంటాయి' అని రాసి, పక్కన వాళ్ల చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పటికి ఏడు నెలలైంది, లైటు మళ్లీ వెలగలేదు. ఎర్ర ఇంకు తేదీ ఉన్న ఆ ఫైలు మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.